‘పరవాలేదు’ అంటే పెద్ద మెప్పు: ట్రొండెలాగ్‌లో ఏడు రోజులు

నార్వే మ్యాపులో దాదాపు నడుం దగ్గర ఉంటుంది ట్రొండెలాగ్. ఉత్తర, దక్షిణ ట్రొండెలాగ్ అని రెండుగా ఉన్న ప్రాంతం 2018 జనవరి 1న మళ్లీ ఒకటైంది. విస్తీర్ణం సుమారు 42 వేల చదరపు కిలోమీటర్లు, జనం ఐదు లక్షల లోపే. ఇక్కడివాళ్లను ‘ట్రొండర్లు’ అంటారు. నార్వే జోకుల్లో ట్రొండర్‌కు ఒక స్థిరమైన వేషం ఉంది: గుబురు మీసం, తోలు చొక్కా, చేతిలో కాఫీ కప్పు, నోట్లో నాలుగు ముక్కలకు మించని మాట. ప్రాంతానికి పెద్ద ఊరైన ట్రొండ్‌హైమ్‌కు ‘మీసాల ఊరు’ అనే ముద్దుపేరు కూడా ఉంది. ఊళ్లోవాళ్లే సరదాగా వాడుకునే పేరది.

ఈ ప్రయాణ క్రమం చర్చిలూ మ్యూజియాల జాబితా కాదు. మనుషుల మాట వినడానికి, ఆ మాటలో దాగిన నవ్వు పట్టుకోవడానికి వేసుకున్నది. జూలై చివరి వారం అనువైన సమయం, ఎందుకంటే 29న ‘ఓల్‌సోక్’ అనే పండగ వస్తుంది. శుక్రవారం దిగి, 29వ తేదీ మంగళవారం పడిన లెక్కలో రోజులు చెబుతున్నాం. మీ ఏడాదికి తగ్గట్టు వెనకా ముందూ జరుపుకోండి. ఒక జాగ్రత్త: జూలైలో మూడు వారాలు దేశమంతా సెలవులకు పోతుంది. చిన్న ఊళ్లలో కొన్ని హోటళ్లు, దుకాణాలు మూసే ఉంటాయి. గదులు ముందే బుక్ చేసుకోవాలి.

మొదటి రోజు, శుక్రవారం: హెల్ మీదుగా

విమానం దిగేది వ్యార్‌నెస్‌లో. అక్కడి నుంచి ట్రొండ్‌హైమ్ సుమారు 35 కిలోమీటర్లు. విమానాశ్రయం పక్కనే రైల్వే స్టేషన్ ఉంది. సూటిగా నగరానికి పోకుండా లోకల్ రైలులో ఒక్క స్టేషన్ దూరం వెళ్లి దిగండి. ఊరి పేరు హెల్. పాత నార్స్ భాషలో ‘హెల్లిర్’ అంటే కొండచరియ కింద గుహలా ఉండే చోటు. ఆ మాటే అరిగి హెల్ అయింది. ఇంగ్లీషువాళ్లకు అదే మాట నరకం. స్టేషన్ గోడ మీద పాత స్పెల్లింగులో ‘గోడ్స్ ఎక్స్‌పెడిషన్’ అని ఒక బోర్డు ఉంది. నార్వే భాషలో దాని అర్థం సరుకుల బుకింగ్ ఆఫీసు. ఇంగ్లీషు కళ్లకు మాత్రం నరకంలో దేవుళ్ల యాత్రలా కనపడుతుంది. ఫొటో తీసుకోవడానికి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. తర్వాతి రైలు ఎప్పుడో ముందే చూసుకొని దిగండి, దాదాపు గంటకొకటే ఉంటుంది.

నగరం చేరేలోపు రైల్లోనే చెవిని సిద్ధం చేసుకోవచ్చు. పుస్తకంలో నేర్చుకున్న నార్వే భాషలో ‘నేను’ అనడానికి ‘యై’ అంటారు. ఇక్కడ ఒక్క అచ్చుతో సరిపెడతారు. ‘బ్యాంకు’ అన్నప్పుడు బకారం తర్వాత మన నోట్లో వచ్చే అచ్చే అది. మన లిపిలో దానికి వేరే అక్షరం లేదు గానీ, ‘వచ్చాడు’ అనే మాటను కోస్తావాళ్లు పలికినప్పుడు చక్కగా వినిపిస్తుంది. ఇక్కడ ‘యా’ అని రాస్తున్నాం, చదివేటప్పుడు యకారం మింగేయండి. ‘కాదు, లేదు’ అనడానికి పుస్తకంలో ‘ఇక్కె’, ట్రొండర్ నోట ‘ఇచ్’. ‘ఏమిటి’ అనడానికి ‘వా’ బదులు ‘కా’. ‘ఎవరు’కు ‘క్యామ్’. ప్రశ్నలన్నీ మనకు ‘ఎ’తో మొదలైనట్టు వీళ్లకు ‘క’తో మొదలవుతాయని గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఈ యాస మీద చిన్నపిల్లలు కూడా చెప్పే వాక్యం ఒకటుంది: “యా ఏ ఈ ఆ యా ఓ.” ఒక్క హల్లు లేదు. “నేను కూడా ‘ఎ’ సెక్షన్‌లోనే ఉన్నాను” అని అర్థం. యా అంటే నేను, ఏ అంటే ఉన్నాను, ఈ అంటే లో, ఆ అనేది సెక్షన్ పేరు, చివర యా ఓ అంటే ‘నేను కూడా’. అచ్చులన్నీ విడివిడిగా పలికే అలవాటున్న తెలుగువాళ్లు రెండు మూడు సార్లకే దీన్ని సరిగ్గా అంటారు.

రెండో రోజు, శనివారం: మూడు పేర్ల ఊరు

పొద్దున్నే పాత వంతెన దాటి బక్లాండె పేటకు నడవండి. ఎర్ర కమానులున్న ఈ వంతెన 1861 నాటిది. కింద నిదెల్వా నది. పేటలో చెక్క ఇళ్లు, రాళ్లు పరిచిన వీధులు. వంతెన కొసనే ఉన్న ఏటవాలు వీధి పక్కన సైకిళ్లను పైకి నెట్టే లిఫ్టు ఉంది. 1993లో పెట్టారు, పొడవు 130 మీటర్లు. అది పనిచేస్తోందా అని ముందు కనుక్కోండి, మరమ్మతులకు ఆపేసిన సందర్భాలు ఉన్నాయి. ఎక్కే పద్ధతి: సైకిల్ మీద కూర్చొని ఎడమ కాలు పెడల్ మీద ఉంచాలి, కుడి కాలు నేలలోంచి వచ్చే చిన్న పలక మీద ఆనించాలి. ఆ కాలు బిగువుగా, చాచి ఉండాలి. బరువంతా దాని మీదే పడాలి. పడిపోయేవాళ్లందరిదీ ఒకటే తప్పు. పలక కదలగానే భయపడి మోకాలు వంచుతారు, పలక జారిపోతుంది, సైకిల్ పక్కకు ఒరుగుతుంది.

ఊరి పేరు గురించి ఇక్కడ మాట కలిపితే మంచి స్పందన వస్తుంది. మధ్యయుగాల్లో నిదరోస్. తర్వాత శతాబ్దాల పాటు డేనిష్ ఛాయతో ట్రొండ్‌యెమ్. 1930 జనవరి 1న పార్లమెంటు మళ్లీ నిదరోస్ అని మార్చింది. అంతకుముందే ఊరి జనం ఓటు వేసి పాత పేరే కావాలన్నారు, అదీ భారీ మెజారిటీతో. గొడవ ముదిరి 1931 మార్చి 6న మధ్యేమార్గంగా ట్రొండ్‌హైమ్ అన్నారు. బోర్డుల మీద అదే ఉంది. ఊళ్లోవాళ్ల నోట మాత్రం నేటికీ ‘ట్రొన్‌యెమ్’. ఆ ఒక్క మాటను అలా పలికితే చాలు, ఎదుటివాళ్ల ముఖం విప్పారుతుంది.

1070లో కట్టడం మొదలైన నిదరోస్ కెథెడ్రల్ చూడాల్సిందే. దాని గురించి ఎంతో రాశారు కాబట్టి ఇక్కడ ఆగడం లేదు.

సాయంత్రంలోపు సరుకుల పని తప్పక చూసుకోండి. రేపు ఆదివారం, చిన్న దుకాణాలు తప్ప కిరాణా అంతా మూసేస్తారు. శనివారం సాయంత్రం 6 దాటాక దుకాణంలో బీరు కూడా అమ్మరు. 4.7 శాతం దాటిన మద్యం ప్రభుత్వ దుకాణంలోనే దొరుకుతుంది, అది శనివారం మరీ పెందలాడే మూస్తారు. రొట్టె, గోధుమరంగు జున్ను, వెన్న కొనండి. రేపటి అన్నం మూట అదే.

మరొకటి. ఇక్కడ ‘మీరు’ లేదు. మర్యాద సర్వనామం ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు వాడుకలోంచి పోయింది. ప్రొఫెసరైనా, మంత్రయినా ‘నువ్వే’, పిలుపు సొంత పేరుతోనే. ‘గారు’ తగిలించకుండా పెద్దవాళ్లను పిలవడానికి మనకు నోరు రాదు. పేరు ముందు ‘సర్’, ‘మేడమ్’ పెడితే మాత్రం వాళ్లు ఇబ్బంది పడతారు. మర్యాద అంతా ‘తక్’ అనే మాటలో ఉంటుంది. దాని సంగతి ముందు ముందు చెబుతాం.

మూడో రోజు, ఆదివారం: అడవి, బ్రెడ్డు, కాఫీ

ఆదివారం ఊరు ఖాళీ అవుతుంది. జనమంతా పడమటి కొండల్లోని బీమార్కా అడవికి పోతారు. ఊరి మధ్య నుంచి లీయన్ దాకా ట్రాము ఉంది, 8.8 కిలోమీటర్లు. ప్రపంచంలో ఇంత ఉత్తరాన మరో ట్రాము లేదు. టికెట్టు ఫోన్ యాప్‌లో ముందే కొనుక్కోవాలి. కూర్చునేటప్పుడు ఖాళీ జంట సీటు ఉండగా ఒకరి పక్కన పోయి కూర్చోకూడదు. ఆ మనిషికి గాభరా పుడుతుంది. అదే మనిషి గంట తర్వాత అడవి బాటలో ఎదురైతే కళ్లలోకి చూసి ‘హై హై’ అంటాడు. బదులు చెప్పకపోతే తప్పు. ఊళ్లో పలకరింపు లేదు, అడవిలో పలకరించకుండా పోవడం లేదు. ఈ తేడా తెలియక మనవాళ్లు రెండు చోట్లా తికమకపడతారు.

నడక తర్వాత కూర్చునే చోట ‘మాత్‌పక్కె’ విప్పుతారు. బ్రెడ్డు ముక్కలు, ఒక్కో ముక్క పైన ఒకే ఒక్క పదార్థం, ముక్కకూ ముక్కకూ మధ్య సన్నని కాగితం. ఈ కాగితాన్ని అదే కొలతలో కోసి దుకాణంలో అమ్ముతారు. కాగితం లేకపోతే జున్ను పైముక్కకు అంటుకొని మొత్తం ఊడివస్తుంది. గోధుమరంగు జున్ను పాలు విరిచాక మిగిలే నీటిని గంటల తరబడి మరిగించి చేస్తారు. రుచి మన పాలకోవాకు దగ్గరగా, కొంచెం ఉప్పగా ఉంటుంది. దాన్ని కోయడానికి చిత్రికలాంటి ప్రత్యేకమైన కత్తి ఉంది, 1925లో లిల్లెహామర్ వడ్రంగి ఒకాయన పేటెంటు తీసుకున్నది. గడ్డ మీద ఒత్తకుండా, తేలికగా, ఒకే వాలులో లాగాలి. ఎప్పుడూ ఒక వైపే లాగితే మధ్యలో గుంట పడి స్కీ జారుడుబల్లలా తయారవుతుంది. ఎవరింట్లోనైనా అలా చేస్తే నోరు తెరిచి ఏమీ అనరు. గడ్డను తిప్పి ఎత్తున్న వైపు సరిచేసి మళ్లీ బల్ల మీద పెడతారు. అదే మందలింపు.

కాఫీ కాచే పద్ధతి చెప్పాలి. మసిపట్టిన కెటిల్‌లో లీటరు నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, బరకగా విసిరిన పొడి 60, 70 గ్రాములు వేసి కలుపుతారు. ఐదారు నిమిషాలు కదపకుండా ఉంచితే పొడి అడుక్కు దిగుతుంది. పొడి వేశాక మళ్లీ మరిగిస్తే చేదెక్కుతుంది. సన్నగా విసిరిన పొడి అయితే ఎంతసేపు ఆగినా దిగదు, కప్పు నిండా నలుసులే. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అడవిలో మంట పెట్టడం నిషేధం. కాబట్టి ఈ కాలంలో అనుమతి ఉన్న పొయ్యి గూళ్ల దగ్గరే కాచుకోండి.

ఈ కాఫీ దగ్గరే ఈ ప్రాంతపు హాస్యం చెవిన పడుతుంది. ఎండలో మెరిసే సముద్రపు పాయ, కనుచూపు మేర కొండలు. పక్కనున్న ట్రొండర్ చాలాసేపు చూసి “ఇచ్ వ్యాష్ట్” అంటాడు. మాటకు మాట తెలుగు చేస్తే ‘మరీ అధ్వాన్నం కాదు’. అది వాళ్ల మెప్పులో దాదాపు పై మెట్టు. కూర బాగుందన్నా, పెళ్లి ఘనంగా జరిగిందన్నా, జట్టు కప్పు గెలిచిందన్నా ఇదే మాట. “ఎలా ఉన్నావు” అని అడిగితే “దే గోర్ నో” అంటారు, ‘ఏదో నడుస్తోంది’ అని. మనవాళ్లు ఏదో కష్టం వచ్చిందేమోనని వివరాలు అడుగుతారు. కష్టమేమీ లేదు, అంతా బాగుందనే దానర్థం. గొప్పలు చెప్పుకోవడం ఇక్కడ సిగ్గుపడాల్సిన విషయం. అందుకని గొంతు ఎంత తగ్గిస్తే మాటకు అంత బరువు.

నాలుగో రోజు, సోమవారం: రోరోస్

రైల్లో సుమారు రెండున్నర గంటల దూరం. రోజుకు రైళ్లు కొన్నే, తిరుగు టైము చూసుకొని ఎక్కండి. రోరోస్ రాగి గనుల ఊరు. కంపెనీ 1644లో మొదలై 1977లో దివాలా తీసింది. 1980లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చెక్క ఇళ్ల వెనక నల్లటి చిట్టెం గుట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. 1784 నాటి రాతి చర్చి గోపురం మీద గని పనివాళ్ల సుత్తి గుర్తు కనిపిస్తుంది. 1914 జనవరిలో ఇక్కడ మైనస్ 50.4 డిగ్రీల చలి నమోదైంది. జూలైలో కూడా స్వెట్టర్ లేకుండా రాకండి, ఊరు 600 మీటర్ల పైన ఎత్తులో ఉంది.

ఫిబ్రవరిలో వచ్చేవాళ్లకు ఇక్కడ పెద్ద సంత. మొదటిది 1854లో జరిగింది. నెలాఖరు మంగళవారానికి ముందు మంగళవారం మొదలై ఐదు రోజులు నడుస్తుంది. గుర్రపు స్లెడ్జిలు రోజుల తరబడి మంచులో ప్రయాణం చేసి చేరతాయి, కొన్ని స్వీడన్ నుంచి కూడా. సరిహద్దుకు అవతల ఉన్న యామ్‌ట్‌లాండ్ 1645 దాకా నార్వేదే. అక్కడి పల్లె యాస ట్రొండర్ యాసకు చుట్టం. స్వీడన్‌వాళ్ల మీద నార్వే అంతటా జోకులు వేస్తారు గానీ, ఇక్కడి పల్లెల్లో ఆ స్వీడన్‌వాళ్లు బంధువుల లెక్క.

ఈ ఊళ్లో మనవాళ్లు తప్పక రుచి చూడాల్సింది ‘చుక్‌మ్యెల్క్’, అంటే చిక్కటి పాలు. ఊరి పేరుతో సహా దీనికి చట్టరక్షణ ఉంది. పూర్వం బురద నేలల్లో పెరిగే, జిగురాకులతో పురుగులు పట్టే ఒక చిన్న మొక్క ఆకుల్ని పాల కుండ లోపల రుద్ది, గోరువెచ్చని పాలు పోసేవారు. తర్వాత పాత గిన్నెలోది కొంచెం తీసి కొత్త పాలకు తోడు వేసేవారు. తోడు అనే ఆలోచన మనకు చెప్పక్కర్లేదు. తేడా ఎక్కడంటే, ఇది గడ్డగా విరగదు. చెంచాతో ఎత్తితే తెగకుండా తీగలా సాగుతుంది. పాడైందేమోనని పారేయకండి, సాగడమే దాని మంచి గుణం. పులుపు మన పెరుగు కన్నా తక్కువ.

యాస పాఠంలో ఇవాళ్టి వంతు లకారం. సూర్యుణ్ణి పుస్తక భాషలో ‘సూల’ అంటే ఇక్కడ నాలుక వెనక్కి మడిచి ఒక్క దెబ్బ కొట్టి వదులుతారు. దీన్ని ‘లావు ల’ అంటారు. ఓస్లో చుట్టుపక్కల కూడా ఉంది గానీ, బెర్గెన్‌వాళ్లకు అసలు లేదు. ఇంగ్లీషువాళ్లు ఎంత ప్రయత్నించినా పట్టుబడని ఈ ధ్వని తెలుగు నోటికి ముందే వచ్చు: ‘గోడ’ అన్నప్పుడు డకారం దగ్గర నాలుక ఎక్కడ తగులుతుందో, ‘కళ’ అన్నప్పుడు ఎంత మడత పడుతుందో, ఆ రెంటికీ మధ్య ఆపితే చాలు. అలాగే ‘మనిషి’ అనే మాటలోని నకారం పల్లెల్లో ఞకారంలా మెత్తబడి ‘మయ్ఞ్’ అవుతుంది. ఓనమాలు నేర్చుకున్నప్పుడు ఎందుకూ పనికిరాదనుకున్న ఆ ‘ఞ’ ఇక్కడ రోజూ వినపడుతుంది.

అయిదో రోజు, 29 మంగళవారం: స్టిక్లెస్టాడ్

1030 జూలై 29న రాజు ఊలావ్ హరాల్డ్‌సన్ ఇక్కడి యుద్ధంలో చనిపోయాడు. తర్వాత ఆయన్ని సెయింటుగా కొలిచారు. ఓల్‌సోక్ పండగ ఆయనదే. ట్రొండ్‌హైమ్ నుంచి ఉత్తరంగా వేర్‌డాల్ దాకా రైలు, సుమారు రెండు గంటలు. స్టేషన్ నుంచి స్టిక్లెస్టాడ్ నాలుగైదు కిలోమీటర్లు. పండగ రోజుల్లో ఆరుబయట కొండవాలు మీద ఆ కథను నాటకంగా ఆడతారు, 1954 నుంచి. పెద్ద పాత్రలకు వృత్తి నటులు వస్తారు. మిగతా వందల మంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాన పడినా ఆట ఆగదు. గొడుగు తెరవకండి, వెనకవాళ్లకు అడ్డం. రెయిన్ కోటు, కింద వేసుకోవడానికి చిన్న స్పాంజి పలక తీసుకెళ్లండి.

ఈ ప్రాంతపు పండగ భోజనం ‘సొద్’. తేటైన మాంసరసంలో చిన్న మాంసం ముక్కలు, చిన్న ఉండలు. ఉండల్లో జాజికాయ, శొంఠి పడతాయి. బంగాళదుంప, క్యారెట్ విడిగా ఉడికించి వేరే గిన్నెలో పెడతారు. పక్కన ‘శెన్నింగ్’ అనే కాస్త తియ్యటి, కరకరలాడే పలచని రొట్టె. రసం తెర్లకాగితే మసకబారుతుంది, సన్నని సెగ మీద ఉంచాలి. పెళ్లికీ, చావుకీ ఇదే వంట. సొద్‌లో గొర్రె మాంసంతో పాటు గొడ్డు మాంసం కూడా ఉంటుంది. తిననివాళ్లు ముందే అడగాలి, అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

శాకాహారులకు ‘రొమ్మెగ్రౌత్’ ఉంది, మీగడ జావ. నలుగురికి లెక్క (డెసిలీటరు అంటే 100 మిల్లీలీటర్లు): పుల్లటి మీగడ 4 డెసిలీటర్లు, మైదా 1.5 డెసిలీటర్లు, పాలు 5 డెసిలీటర్లు, ముప్పావు చెంచా ఉప్పు. మీగడను మూతపెట్టి ఐదు నిమిషాలు సన్నగా ఉడకనిచ్చి, మైదాలో మూడో వంతు జల్లించి కలపాలి. కలుపుతూ ఉంటే ముద్ద చుట్టూ పసుపుపచ్చగా నెయ్యి ఊరుతుంది. దాన్ని గరిటెతో తీసి పక్కన పెట్టుకోవాలి. మిగతా మైదా వేసి, వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు కట్టకుండా గిలక్కొట్టాలి. మరో ఐదు నిమిషాలు ఉడికితే అయిపోయింది. పళ్లెంలో పోసి తీసిన నెయ్యి పైన వేసి, పంచదార, దాల్చినచెక్క పొడి చల్లుతారు. చెడిపోయేది ఒక్క కారణానికే: మీగడ 35 శాతం కొవ్వు ఉన్నదై ఉండాలి. తక్కువ కొవ్వుది, చిక్కదనానికి పిండి కలిపినది కొంటే ఎంతసేపు కలిపినా నెయ్యి విడిపోదు, మైదా గంజి మిగులుతుంది.

తినడం కాగానే లేచేముందు ‘తక్ ఫర్ మాతన్’ అనాలి, భోజనానికి కృతజ్ఞతలని. ఇది అనకుండా లేవడం, మన దగ్గర చేయి కడుక్కొని పలకరించకుండా వెళ్లిపోయినంత తప్పు. వండినవాళ్లు ‘వెల్ బెకొమ్మె’ అంటారు. నడకైతే నడకకు తక్, పనైతే ఇవాళ్టికి తక్. పోయిన వారమో, పోయిన ఏడాదో కలిసిన మనిషి మళ్లీ కనపడితే మొదటి మాట ‘తక్ ఫర్ సిస్ట్’, కిందటిసారికి కృతజ్ఞతలు.

ఆరో రోజు, బుధవారం: నామ్‌డాల్ వైపు

వేర్‌డాల్ దాటాక వచ్చే స్టైన్‌షేర్ ఊరి నుంచి ఉత్తరంగా, నామ్‌డాల్ ప్రాంతం వైపు రెండు దారులు. రైలు స్నోసా మీదుగా పోతుంది. అక్కడ స్కాండినేవియా మూలవాసులైన సామీల్లో దక్షిణాదివాళ్ల సాంస్కృతిక కేంద్రం ‘సాయెమియన్ సీతె’ ఉంది, కొత్త భవనం 2022లో తెరిచారు. ఊరి పేర్లు బోర్డుల మీద రెండు భాషల్లో కనపడతాయి. సామీలు మొట్టమొదట పెద్ద సభ పెట్టుకున్నది ట్రొండ్‌హైమ్‌లోనే, 1917 ఫిబ్రవరి 6న. ఆ తేదీనే నేడు సామీల జాతీయ దినం. ట్రొండెలాగ్ అంటే ఒక్క యాసే కాదని ఈ బోర్డులు గుర్తుచేస్తాయి.

రెండోది బస్సు దారి, నామ్‌సోస్‌కు. 1872లో, 1897లో కాలిపోయి, 1940 ఏప్రిల్‌లో బాంబులకు నేలమట్టమై మూడుసార్లు కట్టుకున్న ఊరిది. 1970ల నుంచి ఇక్కడివాళ్లు ఇంగ్లీషూ కాకుండా, ఓస్లో భాషా కాకుండా ఇంట్లో మాట్లాడే యాసలోనే రాక్ పాటలు కట్టారు. దేశమంతా విన్నది. పేరున్న రాక్ గాయకుడు ఆగె అలెక్సాండర్‌సన్ ఈ ఊరివాడే. ఉత్తరంగా హోయ్‌లాండె అనే చిన్న పల్లె ఉంది. దేశంలోని ఔత్సాహిక హాస్య ప్రదర్శనలకు పెద్ద పోటీ అక్కడే జరుగుతుంది, రెండేళ్లకోసారి. చిన్న చిన్న స్కెచ్‌లు, తెలిసిన పాటకు కొత్త సాహిత్యం, పంచాయతీ మీద విసుర్లు. ప్రేక్షకుల్లో ఆ పంచాయతీవాళ్లూ ఉంటారు.

యాసను నవ్వుకు వాడుకోవడం మనకూ ఉంది. మన సినిమాల్లో చాలాకాలం యాస మాట్లాడే పాత్ర నవ్వించే పాత్రే, హీరోకు మాత్రం పుస్తకపు మాట. ఇక్కడ అలా లేదు. నార్వేకు రాసే రూపాలు రెండు ఉన్నాయి గానీ, అధికారికంగా ‘మాట్లాడే ప్రమాణ భాష’ అనేదే లేదు. బడిలో పిల్లలకు సాధ్యమైనంత వరకు వాళ్ల సొంత మాటలోనే పాఠం చెప్పాలని పార్లమెంటు 1878లోనే తీర్మానించింది. మంత్రి తన ఊరి యాసలోనే మాట్లాడతాడు, వైద్యుడూ అంతే. ట్రొండర్ జోకు వేసేటప్పుడూ, శవపేటిక పక్కన నిలబడి మాట్లాడేటప్పుడూ అదే యాస. అందుకే దాని నవ్వులో చిన్నచూపు ఉండదు. మన యాసలకు కూడా ఈ గౌరవం దక్కాలని మనసారా కోరుకుంటూ రాస్తున్న మాట ఇది.

నామ్‌డాల్ పల్లెల్లో మాట ఇంకా పొట్టిగా ఉంటుంది. చివరి అచ్చు కోసేస్తారు: పుస్తకంలో ‘కొమ్మె’, ఇక్కడ ‘కొమ్’. ‘ద్రిక్కె’ ఇక్కడ ‘ద్రెక్’. పోయిన అచ్చు తన రాగాన్ని మాత్రం వదిలిపోతుంది. మిగిలిన ఒక్క అక్షరం మీదే గొంతు లేచి దిగి రెండక్షరాల బరువు మోస్తుంది. తెలుగువాళ్లకు చిక్కు ఇక్కడే. బస్సు, రైలు, కారు అని ప్రతి పరాయి మాటకూ చివర అచ్చు తగిలించే నాలుక మనది. ‘ద్రెక్కు’, ‘కొమ్ము’ అన్నామా, వాళ్లకు అర్థం కాదు. హల్లు దగ్గర టక్కున ఆగడం సాధన చేయాలి. దానికి పనికొచ్చే పాత జోకు ఒకటుంది. ఫిన్లాండ్‌లోనూ చెబుతారు. ఇద్దరు మిత్రులు గంటసేపు మాట లేకుండా తాగుతున్నారు. ఒకడు గ్లాసెత్తి “స్కోల్” అన్నాడు. రెండోవాడు: “స్కా వీ ద్రెక్ ఎల్లర్ స్కా వీ ప్రాత్?” తాగుదామా, లేక కబుర్లు చెప్పుకుందామా?

పల్లె ఇంటికి కాఫీకి పిలిస్తే చెప్పిన నిమిషానికి వెళ్లాలి, గుమ్మంలో చెప్పులు విప్పాలి. ఈ రెండోది మనకు కొత్త కాదు. మాట మధ్యలో ఎదుటివాళ్లు చటుక్కున గాలి లోపలికి పీలుస్తారు. ఆయాసమో, ఉలిక్కిపాటో అనుకుంటారు కొత్తవాళ్లు. అది ‘ఊఁ, అవును’. ‘యా’ (ఇది ‘నేను’ కాదు, యకారం పలికే వేరే మాట) అనే అవునును ఊపిరి లోపలికి తీసుకుంటూ అంటారు, మీ మాటకు అడ్డురాకుండా. దానికి ఆగి “ఏమైంది” అని అడగకండి, చెప్పేది చెప్పుకుంటూ పోండి.

ఇక ‘కర్ష్క్’ గురించి. కాఫీలో నాటు సారా కలిపిన పానీయం, ఈ ప్రాంతపు ముద్ర. తయారీ ఎవరిని అడిగినా ముఖం మీద నవ్వు లేకుండా ఒకటే చెబుతారు: కప్పు అడుగున నాణెం వెయ్యి, అది కనపడకుండా పోయేదాకా కాఫీ పొయ్యి, మళ్లీ కనపడేదాకా సారా పొయ్యి. మామూలు కాఫీతో చేసి చూస్తే నాణెం కనపడేలోపు కప్పు పొంగిపోతుంది. కొలత రూపంలో చెప్పే జోకు అది. కొత్తవాళ్లు నమ్మి తలూపడం చూడటమే వాళ్ల ఆనందం. అందులో నిజమైన సూచన మాత్రం ఒకటుంది: కర్ష్క్‌కు కాఫీ బాగా పలచగా ఉండాలి. అవతల కప్పు అడుగు కనపడేంత. పంచదార బిళ్ల ఒకటి వేస్తారు. ఇంట్లో సారా కాయడం చట్టరీత్యా నేరం, అది ఎంత ఘాటో చెప్పే కొలతా లేదు. వద్దంటే ఎవరూ బలవంతపెట్టరు. బండి నడిపేవాళ్లకు రక్తంలో మద్యం పరిమితి వెయ్యికి 0.2 మాత్రమే, కాబట్టి ముట్టుకోకపోవడమే మంచిది.

ఇదే కాలంలో బురద నేలల్లో నారింజరంగు ‘ముల్తె’ పండ్లు పండుతాయి. పంచదార, గిలక్కొట్టిన మీగడతో పెడతారు. “ఎక్కడ కోశారు” అని మాత్రం అడగకూడదు. అడిగితే కొండల వైపు గాల్లో చెయ్యి ఊపి “అక్కడెక్కడో పైన” అంటారు. కన్నకొడుక్కి కూడా చోటు ఆలస్యంగానే చూపిస్తారని ఊళ్లో నవ్వుకునే మాట.

లేచే తంతు కూడా తెలియాలి. ఇంటివాళ్లు వెళ్లమనరు. మీరే రెండు అరచేతులతో తొడల మీద మెల్లగా చరుచుకొని “నై...” అని మొదలుపెట్టాలి. ‘కాదు’ అనే మాటే, ఇక్కడ ‘ఇక బయల్దేరాలి’ అని. తర్వాత “యా, యా” అని ఒక నిట్టూర్పు. అప్పటికీ లేవరు, మరో చుక్క కాఫీ వస్తుంది. రెండోసారి తొడలు చరిచినప్పుడు నిజంగా లేస్తారు.

ఏడో రోజు, గురువారం: తిరుగు దారి

ఉత్తరం నుంచి వచ్చే రైలు వ్యార్‌నెస్ విమానాశ్రయం దగ్గరే ఆగుతుంది, ట్రొండ్‌హైమ్ దాకా పోనక్కర్లేదు. రైళ్లు తక్కువ, పట్టాల పనులున్న రోజుల్లో బదులు బస్సులు వేస్తారు. విమానానికి మూడు గంటల ముందు చేరేలా చూసుకోండి.

ఇంటికి చేరాక పరిచయమైనవాళ్లకు మెసేజ్ పెట్టేందుకు ఫోన్‌లో నార్వే కీబోర్డు వేసుకోండి, ‘యా’ అనే ఆ అక్షరం మామూలు కీబోర్డులో కనపడదు. ఇక్కడి కుర్రకారు మెసేజులన్నీ యాసలోనే రాసుకుంటారు, మీరూ అలాగే రాయొచ్చు. పొడుగు పొగడ్తలు వద్దు. “తక్ ఫర్ సిస్ట్. దే వా ఇచ్ వ్యాష్ట్.” ఇంతే చాలు. జవాబు రెండు మాటల్లో వస్తుంది: “తక్ శొల్.” కృతజ్ఞతలు మీకే అని.